మీటర్ల లెక్కలో పూడిపోయే పని

పైపులైన్ పనికి కొలమానం మీటర్లే. రోజుకు ఎంత పొడవు వేశారు, ఎంతకు బిల్లు పెట్టారు అన్నదే లెక్క. లైను ఎన్నేళ్లు నిలుస్తుందో తేల్చేవి మాత్రం పైపు కింద పరిచిన పొర, పక్కల దట్టించిన మట్టి. సాయంత్రానికల్లా ఆ రెండూ పూడిపోతాయి. తర్వాత ఎక్కడో కుంగితే నింద పైపు వేసినవాళ్ల మీద పడుతుంది. వాళ్లకు కూలి కట్టిన పద్ధతిని మాత్రం ఎవరూ అడగరు.

కందకం అడుగున రాళ్లు ఏరి, 100 నుంచి 150 మిల్లీమీటర్ల మందాన ఇసుక గానీ సన్నకంకర గానీ పరవాలి. సాకెట్, అంటే తర్వాతి పైపు దూరే లావాటి కొస, వచ్చే ప్రతిచోటా చిన్న గుంత తీయాలి. అది తీయకపోతే ఆరు మీటర్ల పైపు సాకెట్ల మీదే ఆని, నడుమ దూలంలా వేలాడుతుంది. మరో తప్పు ఇంతకంటే మామూలు: యంత్రం కావలసిన దానికన్నా లోతు తవ్వుతుంది, వదులు మట్టి పోసి లెవల్ సరిచేస్తారు. ఆ రోజు లెవల్ సరిగ్గానే చూపిస్తుంది. మట్టి తడిసి దిగాక, మురుగు పారడానికి ఇచ్చిన వాటం (వాలు) పోతుంది. నూటికి ఒకటి వాటం అంటే ఆరు మీటర్ల పైపుకు 60 మిల్లీమీటర్ల దిగుడు. ఒక్క జాయింటు అంతే కుంగితే దాని దిగువనున్న పైపు మొత్తం బల్లపరుపైపోతుంది. మురుగు అక్కడే ఆగి, అడుగున మడ్డి పేరుకుంటుంది.

అన్నిటికన్నా ఎక్కువగా ఎగవేతకు గురయ్యేది పైపు పొట్ట కింద రెండు పక్కలా ఉండే ఇరుకు సందు. యంత్రం అక్కడికి చేరదు. చేతి దిమ్మిసతో మట్టిని లోపలికి కూరాలి. ఆపైన రెండు వైపులా సమంగా, 150 మిల్లీమీటర్ల పొరలుగా దట్టించాలి. పైపు నెత్తి మీద కనీసం 300 మిల్లీమీటర్ల మట్టి పడేదాకా బరువైన యంత్రాన్ని రానివ్వకూడదు. ప్లాస్టిక్ పైపు బరువు మోసేదే పక్క మట్టి సాయంతో. ఆ సాయం లేకపోతే గుండ్రటి పైపు కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది.

జాయింట్ల విషయంలో తెలిసి చేసే తప్పులే ఎక్కువ. జాయింటు కారకుండా ఉంచే రబ్బరు రింగుకు సబ్బు తరహా లూబ్రికెంట్ బదులు ఇంజిన్ ఆయిల్ రాస్తారు. చాలా రకాల రబ్బరు దానితో ఉబ్బి పాడవుతుంది. యంత్రం బకెట్‌తో పైపును నేరుగా నెడితే రింగు గాడి తప్పుతుంది.

వీటన్నిటికీ ప్రెజర్ టెస్ట్ ఉందిగా అంటారు. నీళ్లు నింపి, గాలి పూర్తిగా వదిలించి, పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కిస్తే జాయింట్ల సంగతి ఆ రోజుకు తెలుస్తుంది. కింది పొర సంగతి తెలియదు. ఇసుక పరవని లైను కూడా ఈ పరీక్ష నెగ్గుతుంది. బెండ్ల దగ్గర మాత్రం పరీక్ష నిర్దాక్షిణ్యంగా నిజం చెబుతుంది. 200 మిల్లీమీటర్ల పైపులో పది బార్ల ఒత్తిడి ఉంటే, 90 డిగ్రీల బెండ్‌ను బయటికి నెట్టే బలం దాదాపు నాలుగున్నర టన్నులు. ఆ బలాన్ని ఆపడానికి బెండ్ వెనక కట్టే కాంక్రీట్ దిమ్మె, తవ్వి కదపని గట్టి నేలకు ఆని ఉండాలి. పూడ్చిన మట్టికి ఆనిస్తే దిమ్మెతో సహా బెండ్ జరిగిపోతుంది.

మీటర్ల లెక్క ప్రాణాల మీదికీ తెస్తుంది. ఘనపు మీటరు మట్టి సుమారు ఒకటిన్నర టన్నులు ఉంటుంది. కందకం గోడ కూలి ఛాతీ వరకు పూడినా మనిషికి ఊపిరాడదు. ఒకటిన్నర మీటర్ల లోతు దాటితే గోడలకు ఊతం కట్టాలి, లేదా వాలుగా కోయాలి. తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలి. వీటికి పట్టే గంటలు బిల్లులో ఎక్కడా కనిపించవు.

అందుకే బిల్లును విడగొట్టాలి. పరిచిన పొరకు వేరు, పక్క మట్టికి వేరు, పైపు పొడవుకు వేరు. తనిఖీ చేసేవారు చూసి సంతకం పెట్టేదాకా పూడ్చే పని మొదలు కాకూడదు. మురుగు లైన్లలో పూడ్చిన నెల రోజుల తర్వాత, పైపు గుండ్రదనం ఎంతవరకు అణగవచ్చో దానికి సరిపడా కొలత గల గుండును లోపల లాగి చూడాలి. అది ఎక్కడా ఇరుక్కోకుండా బయటికొచ్చాకే చివరి వాయిదా చెల్లించాలి.