నీటిపారుదల శాఖకు జరిగిన అన్యాయం

మా అమ్మకు జ్వరం తగ్గక కర్నూలులో ఒక ఆసుపత్రిలో ఎనిమిది రోజులు ఉండాల్సి వచ్చింది. ఆ ఎనిమిది రోజులూ నా పేరు 'ఏడు తాలూకా'. ఏడో నంబరు మంచం తాలూకా మనిషిని అన్నమాట. ఎన్టీఆర్ 1985లో తాలూకాలు ఎత్తేసి మండలాలు పెట్టారు గానీ ఆసుపత్రుల్లో తాలూకా వ్యవస్థ ఇంకా నిక్షేపంగా ఉంది. బయట మీరెంత పెద్ద మనిషైనా సరే, "ఏడు తాలూకా ఎవురూ?" అని కేక వినపడితే చేతిలో ఉగ్గాని పొట్లం ఉన్నది ఉన్నట్టే పట్టుకుని పరిగెత్తాలి. మిగతా టైమంతా ఖాళీ. మంచానికొక ప్లాస్టిక్ స్టూలు కూడా ఉండదు, నాలుగు మంచాలకు ఒకటి. దాన్ని తెల్లారకముందే ఆక్రమించుకుని, గోడకు ఆనుకుని కూర్చుని, లోకం గురించి ఆలోచించడమే తాలూకా పని.

అట్లా ఆలోచించగా ఆలోచించగా ఈ సీమకు జరుగుతున్న ఒక ఘోరం బయటపడింది. అన్ని శాఖలకూ, అన్ని వ్యాపారాలకూ రావలసిన మేటి మనుషులను నర్సింగ్ కాలేజీలు ముందే ఎత్తుకుపోతున్నాయి. ఇంటర్ పాసైన పిల్లను మూడేళ్ల జీఎన్ఎమ్ అనో నాలుగేళ్ల బీఎస్సీ అనో లోపలికి తీసుకుపోవడం, బయటికి నర్సుగా పంపడం. ఆ పిల్ల ఇంకెక్కడ ఏం కావాల్సిందో, ఆమె లేక ఆ శాఖ ఎంత నష్టపోయిందో ఒక్కరైనా అడిగారా? నేను అడుగుతున్నాను.

అందరికంటే ఎక్కువ మునిగింది నీటిపారుదల శాఖ. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు కేసీ (కర్నూలు-కడప) కాలువలోకి మళ్లింది మొదలు కడప దాకా పోయేలోపు ఎన్ని తగాదాలో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. పైనున్నోడు తూము ఎత్తుకుంటాడు, చివరి ఆయకట్టు రైతు ఎండబెట్టుకుంటాడు, మధ్యలో కాలువ చూసుకునే లష్కర్‌ను ఇద్దరూ కలిసి తిడతారు. ఇప్పుడు మా వార్డు సిస్టర్‌ను చూడండి. 500 మిల్లీలీటర్ల సెలైన్ ఎనిమిది గంటల్లో ఎక్కాలని డాక్టర్ రాసిపోయారు. మామూలు సెట్టులో 20 చుక్కలైతే ఒక మిల్లీలీటరు, అంటే నిమిషానికి 21 చుక్కలు పడాలి. ఆమె కాగితం తీయలేదు, ఫోన్ తీయలేదు. ఒక కన్ను చేతి వాచీ మీద, ఇంకో కన్ను చుక్క రాలే ఆ చిన్న గొట్టం మీద పెట్టి, బొటనవేలితో సెలైన్ పైపుకున్న చక్రాన్ని నూలుపోగంత కిందికి, మళ్లీ అందులో సగం పైకి జరిపింది. పెదాలు మాత్రం కదిలాయి, లెక్కపెడుతున్నట్టు. అంతే, నీళ్లు దారికొచ్చాయి. జీపు లేదు, మెమో లేదు, ఇరుపక్షాల రైతులతో సమావేశం లేదు.

దొంగతూములు ఎత్తేవాళ్ల పని పట్టడం కూడా వచ్చు. రెండో రోజు రాత్రి, సీసా తొందరగా అయిపోతే నేనూ కాసేపు ఒరగొచ్చు కదా అని ఎవరూ చూడకుండా ఆ చక్రాన్ని కొంచెం పైకి తిప్పాను. (మీరు మాత్రం ఈ పని చేయొద్దు. ముసలివాళ్లకు సెలైన్ గబగబా ఎక్కితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుందని తర్వాత గట్టిగానే చెప్పించుకున్నాను.) పది నిమిషాలకు అటుగా వచ్చిన సిస్టర్ సీసాలో నీళ్ల గీత చూసింది. నా మొహం చూసింది. ఇంకేం విచారణ జరగలేదు. చక్రం మళ్లీ కిందికి తిప్పి, "నువ్వు ఆ స్టూలు ఇంకొంచెం దూరంగా ఏసుకో అన్నా" అంది. కేసీ కాలువ మీద ఇట్లాంటి మనిషి ఒక్కరుంటే చాలు కదా.

రెండో నష్టం వజ్రాల వేటకు. తొలకరి పడిందంటే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర పొలాల్లోకి జనం ఎట్లా దిగుతారో తెలిసిందే. పక్క జిల్లాల నుంచి సద్ది కట్టుకుని వచ్చి, రోజుల తరబడి తల వంచుకుని ఎర్రమట్టిలో కళ్లు పెట్టి వెతుకుతారు. ఎవరికో ఒకరికి దొరుకుతుంది, మిగతావాళ్లకు నడుం నొప్పి దొరుకుతుంది. వీళ్లంతా ఒక్క రాత్రి మా వార్డుకు వచ్చి ఉంటే బాగుండేది. తెల్లవారుజామున మూడు గంటలకు మా అమ్మ చేతికున్న సూది ఊడిపోయింది. ఎనభై దగ్గరికొచ్చిన మనిషి, ఎండు తుమ్మకొమ్మ లాంటి చెయ్యి, అప్పటికే ఆరుచోట్ల గుచ్చిన మచ్చలు. సిస్టర్ మోచేతి కింద రబ్బరు బిగించి, నన్ను ఫోన్ లైటు పట్టుకోమంది. నాకైతే ఏమీ కనపడలేదు. ఆమె చూడనుకూడా చూడలేదు, రెండు వేళ్లతో తట్టుతూ తడుముతూ పోయింది. "పిడికిలి బిగించవ్వా. ఇంకా. అట్ల గాదు, నీ కోడలు గుర్తొస్తే ఎట్ల బిగిస్తావో అట్ల." మా అమ్మ నిజంగానే బిగించింది. (పగలు అమ్మ దగ్గర డ్యూటీ చేసే మా ఆవిడకు ఈ సంగతి ఇంతవరకు తెలియదు.) మణికట్టు పక్కన, ఎవరూ ఊహించని చోట వేలు ఆగింది. నీలం రంగు సన్న సూది లోపలికి పోయింది, గొట్టంలో ఎర్రగా ఒక్క మెరుపు. "దొరికె" అంది, పక్క మంచానికి పోయింది. ఇట్లాంటి వేళ్లున్న మనిషిని ఒక్క వానాకాలం జొన్నగిరిలో వదిలామంటే ఆ పొలాల్లో ఇంక వెతకడానికి ఏమైనా మిగులుతుందా?

పురావస్తు శాఖ సంగతికొద్దాం. గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అందులో లఘు శిలాశాసనం ఒక వింత, కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి నడిస్తే కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, మడకకు కట్టిన ఎద్దులు చాలు చివర మళ్లి వెనక్కి వచ్చినట్టు. అసలు ఆ బ్రాహ్మీ లిపిని జేమ్స్ ప్రిన్సెప్ అనే దొర 1837 నాటికి విప్పగలిగాడని గొప్పగా చెప్పుకుంటాం. మా డ్యూటీ డాక్టర్ కేస్ షీట్ ఆయన చేతికి ఇచ్చి ఉంటే తెలిసేది. నేను ఆ షీట్‌ను నిలువుగా చూశాను, అడ్డంగా చూశాను, ఒక చోట నాకు 'కోడుమూరు' అని ఊరి పేరు కనపడింది. అది యాంటీబయాటిక్ అట. సిస్టర్ నడుస్తూ నడుస్తూనే, ఏ మందు, ఎంత డోసు, రోజుకెన్నిసార్లు, పైగా "ఈయప్ప పొద్దున్నే రాసినట్టుండాడు, నిద్రమత్తులో" అని కాలనిర్ణయం కూడా చేసింది.

పంచాయితీలు, రాజీలు వగైరా గురించి ఎక్కువ చెప్పను. ఆదోనిలో పనిచేసి వచ్చిన ఒక పెద్ద సిస్టర్ చెప్పిన మాట ఒక్కటి చాలు. దసరా రాత్రి దేవరగట్టులో ఉత్సవమూర్తుల కోసం ఊర్లకు ఊర్లు కర్రలతో తలపడతాయి కదా, తెల్లారేసరికి రెండు వైపుల వాళ్లూ తలకు కట్లతో పక్కపక్క మంచాల మీదే ఉంటారట. రాత్రి కొట్టుకున్నవాళ్లు "నీకెన్ని కుట్లు, నాకెన్ని" అని లెక్కలు చూసుకుంటుంటారట. మరి గొడవ పెట్టుకోరా అంటే, "సూది చేతిలో పట్టుకోని నిలబడితే ఎవురు పెట్టుకుంటారు నాయనా" అంది. ఇక క్లాసులో అరవకుండా పిల్లలను కూర్చోబెట్టడం, పద్నాలుగు మంది చుట్టాలను రెండు మాటల్లో బయటికి పంపడం, టిఫిన్ తినకుండా అబద్ధం చెప్పే షుగర్ పేషెంట్‌ను మొహం చూసి పట్టుకోవడం, ఇవన్నీ ఒక్కొక్క శాఖకు ఒక్కొక్క నష్టం. జాబితా రాస్తే పేపరు చాలదు.

ఇంత నష్టం జరుగుతుంటే మనమేం చేస్తున్నాం? ఏటా మే 12న కేకు కోస్తున్నాం. కొవ్వొత్తి వెలిగించి, వేదిక మీద ఎనిమిది మంది పెద్దలు కూర్చుని, ఎదురుగా నర్సులను నిలబెట్టి, "మీరు దేవతలు" అని చెబుతున్నాం. దేవత అనడంలో ఒక సౌకర్యముంది. గుళ్లో దేవతకు ఓవర్‌టైం లేదు, కూర్చుంటావా అని అడిగే పని లేదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు ఉండాలి. నిద్ర పట్టక నేను కూడా ఒక రాత్రి లెక్కపెట్టాను. మంచాలు 30, కింద పరుపులు నాలుగు, సిస్టర్లు ఇద్దరు. దేవతలకైతే నాలుగు చేతులుంటాయి కాబట్టి సరిపోతుందని ఎవరో లెక్క కట్టినట్టున్నారు.

ఆ మే 12 ఎవరి పుట్టినరోజో ఆ మహాతల్లి కథ కూడా మనం సగమే చెప్పుకుంటాం. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1820లో పుట్టింది, 1854 నవంబరులో క్రిమియా యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కోసం టర్కీలోని స్కుటారి వెళ్లింది, రాత్రిళ్లు దీపం పట్టుకుని వార్డుల్లో తిరిగింది. ఇక్కడ ఉపన్యాసం ఆగిపోయి కేకు వస్తుంది. ఆమె 1856 ఆగస్టుకే ఇంటికి వచ్చేసిందని ఎవరూ చెప్పరు. రెండేళ్లు కూడా కాలేదు! తర్వాత ఏం చేసింది? జబ్బు చేసి చాలా కాలం మంచానికే పరిమితమైంది, అది నిజమే. కానీ ఆ మంచం మీది నుంచే సైనికుల చావులకు లెక్కలు కట్టి, రంగు రంగుల గ్రాఫులు గీసి, గాయాల కంటే ఆసుపత్రి మురికితో వచ్చే రోగాలకే ఎక్కువ మంది పోయారని ప్రభుత్వం మొహాన కొట్టింది. నర్సింగ్ స్కూలు పెట్టించింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో చేరిన మొదటి మహిళ కూడా ఆమే. 1910లో 90 ఏళ్ల వయసులో పోయింది. వార్డులో నిలబడింది రెండేళ్లు, కూర్చుని రాసింది 40 ఏళ్లకు పైగా. మన వాళ్లు మాత్రం ఆ రెండేళ్ల బొమ్మే గోడకు తగిలించి, దీపం నీ చేతిలో పెడతా తిరుగు అంటున్నారు. కుర్చీ సంగతి ఎత్తరు.

నేను ఒక్కడినే కలలు కనడం న్యాయం కాదని చివరి రెండు రోజులు సిస్టర్లనే అడిగాను, ఈ ఉద్యోగం కాకపోతే ఏం కావాలనుకునేవాళ్లు అని. పెద్ద సిస్టర్ బ్యాంకు అంది. జీతం కోసం కాదట. "మధ్యాన్నం అయితే లంచ్ అని బోర్డు పెడతారు సూడు, ఆ బోర్డు నా చేత్తో ఒక్కసారి పెట్టల్లని ఉంది నాయనా." ఇంకొకామె గాజుల అంగడి అంది. అందులో లాభమెంత అని అడిగితే, "కూచోని అమ్మొచ్చు కదన్నా" అంది. ఒక చిన్నమ్మాయి రాత్రిపూట కేస్ షీట్ల కింద పుస్తకం పెట్టుకుని జర్మన్ నేర్చుకుంటోంది. ఓహో, ఈ పిల్ల తప్పించుకునేలా ఉందని సంతోషపడి, అక్కడికి పోయి ఏం చేస్తావమ్మా అన్నాను. "నర్సేనన్నా."

మా అమ్మకు సూది దొరకబట్టిన సిస్టర్‌ను ఆఖరి రాత్రి అడిగాను. ఆమె సగం వినింది. "పండుకుంటా" అంది. అది ఉద్యోగం కాదు కదా అంటే, ట్రేలో మందులు సర్దుతూ ఎదురు ప్రశ్న వేసింది.

"నువ్వేం పని చేస్తావన్నా?"

"వ్యాసాలు రాస్తాను సిస్టర్."

"కూచోనే కదా రాసేది?"

అవునన్నాను. ఆమె కొంచెంసేపు నా వైపు, నిజానికి నా కిందికి చూసింది. ఇన్ని శాఖల్లో నాకు తట్టని ఉద్యోగం నాదే అని అప్పుడు తెలిసింది. సరిగ్గా ఆ విషయమే ఆమెకు వివరంగా చెప్పబోతుంటే, "లేచి ఆ స్టూలు ఇట్లియ్యన్నా, పన్నెండుకు కావల్ల" అంది. లేచి ఇచ్చాను. పన్నెండో మంచానికి స్టాండు లేదు. ఆమె స్టూలు కిటికీ కింద వేసి, దాని మీదికి ఎక్కి, కట్టుగుడ్డతో సెలైన్ సీసాను ఊచకు కట్టసాగింది.