అరచేతి బోర్డుతో వీధి గాలి లెక్క

విశాఖలో జ్ఞానాపురం, వన్‌టౌన్ వైపు ఇళ్లలో పొద్దున్నే కిటికీ గట్టు మీద వేలితో గీస్తే నల్లగా అంటుకుంటుంది. తెల్ల బట్టలు మేడ మీద ఆరేయాలంటే అక్కడి ఆడవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గు దుమ్ము గురించి విశాఖ ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటూనే ఉంది. అక్కడక్కడ ఉన్న కాలుష్య నియంత్రణ మండలి యంత్రాలు ఊరి గాలి సంగతి చెబుతాయి గానీ, మన వీధిలో ఏ గంటకు దుమ్ము పెరుగుతోందో చెప్పలేవు. ఆ లెక్క మన బడిపిల్లలు తీయగలరు. తీయనివ్వాలని మేము కోరుతున్నాం.

అందుకు కావలసింది అరచేతిలో ఇమిడే సింగిల్ బోర్డ్ కంప్యూటర్, అంటే ఒకే పలక మీద అమర్చిన బుల్లి కంప్యూటర్. అందరికీ తెలిసిన రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న బ్రిటన్‌లో అమ్మకానికి వచ్చింది. కేంబ్రిడ్జిలో కంప్యూటర్ సైన్సుకు దరఖాస్తు చేసే పిల్లలు తగ్గిపోతున్నారని, వచ్చేవారికీ ప్రోగ్రాం రాసిన అలవాటు ఉండటం లేదని దిగులుపడిన ఎబెన్ అప్టన్, ఆయన సహచరులు 35 డాలర్ల ధరకు దాన్ని తెచ్చారు. 2015లో వచ్చినప్పుడు దాని చిన్న రూపం పై జీరో ధర 5 డాలర్లే. రాస్ప్‌బెర్రీ పై పుట్టిందే బడిపిల్లల కోసం.

దుమ్ము కొలవడం బ్రహ్మవిద్యేమీ కాదు. బోర్డుకు తగిలించే దుమ్ము సెన్సార్‌లోని బుల్లి ఫ్యాను గాలిని లోపలికి లాగుతుంది. లేజర్ దారిలోకి రేణువు వస్తే వెలుగు చెదురుతుంది. ఆ చెదురును బట్టి పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా పోయే సన్నని దుమ్ము, ఎంతో తేలుతుంది. బోర్డు ఆ అంకెను నిమిషానికోసారి రాసుకుంటుంది. అడుగున కన్నాలు పెట్టిన ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలో రెండూ పట్టేస్తాయి. వాన తగలకుండా చూరు కింద వేలాడదీస్తే సరి.

కష్టమంతా మన సముద్రపు గాలితోనే. తేమ ఎక్కువైతే రేణువులు నీరు పట్టి ఉబ్బుతాయి, సెన్సార్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. అందుకే డబ్బాలో తేమను కొలిచే సెన్సార్ కూడా ఉండాలి. ముందు కొన్ని వారాలు మండలి యంత్రం పక్కన ఉంచి సరిచూసుకోవాలి. ఉప్పుగాలికి పిన్నులు చిలుము పడతాయి. కరెంటు టక్కున పోతే మెమరీ కార్డు పాడై బోర్డు మళ్లీ లేవకపోవచ్చు కాబట్టి చిన్న బ్యాటరీ తోడుండాలి. ముతక దుమ్మును ఈ చౌక సెన్సార్లు సరిగా పట్టుకోవు కూడా. అయినా గాలి ఎటునుంచి వీచినప్పుడు అంకె ఎగబాకుతోందో తెలిస్తే అధికారులను నిలదీయడానికి వీధివాళ్లకు ఒక ఆధారం దొరుకుతుంది. ఇన్ని తిప్పలు పడి డబ్బా బాగుచేసుకున్న తొమ్మిదో తరగతి అమ్మాయి నేర్చుకునేది ఏ గైడులోనూ ఉండదు.

ఇదే బోర్డు తుపానుకూ పనికొస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విరుచుకుపడ్డాక రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు మోగలేదు. ఇంటర్నెట్ లేకున్నా ఈ బోర్డు తన వైఫైతో చుట్టుపక్కల ఫోన్లకు నీళ్ల ట్యాంకరు ఎప్పుడొస్తుందో, మందులు ఎక్కడ దొరుకుతాయో చూపగలదు. ఇన్వర్టర్ బ్యాటరీ మీద రోజుల తరబడి నడుస్తుంది.

బడుల్లో పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే ల్యాబుల కోసం 2016లో మొదలైన కేంద్ర పథకం అటల్ టింకరింగ్ ల్యాబ్ కింద ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు వస్తుంది. ఆ డబ్బుతో కొన్న కిట్లు తనిఖీ రోజున బల్ల మీద, మిగతా రోజుల్లో బీరువాలో ఉంటే ఏం లాభం? పాడైతే ఎవరు కట్టాలన్నదే హెడ్మాస్టర్ల టెన్షన్. నేర్చుకునే చేతుల్లో కొన్ని బోర్డులు కాలిపోతాయి. వాటి ఖర్చు టీచర్ల మీద పడదని విద్యాశాఖ రాతపూర్వకంగా చెప్పాలి. పిల్లలు తీసిన అంకెలను నగరపాలక సంస్థ జీవీఎంసీ వార్డు సచివాలయాల నోటీసు బోర్డుల్లో పెట్టాలి. చలికాలంలో దుమ్ము పైకి లేవక వీధుల్లోనే నిలిచిపోతుంది. నవంబరులోగా జ్ఞానాపురం బడుల చూరు కింద మొదటి డబ్బాలు వేలాడాలి.