సమాధిరాళ్ల మీద బ్లీచ్ పోయమని ఎవరడిగారండీ?

పొద్దున్నే వాట్సాప్‌లో ఓ వీడియో. అమెరికాలో ఏదో పాత శ్మశానం, 1861–65 అంతర్యుద్ధంలో పోయిన సైనికుల స్మారకం, చుట్టూ వరసగా తెల్ల పాలరాళ్లు. ఒకే రంగు టీషర్టులు తొడుక్కున్న మనవాళ్లు. చేతుల్లో బ్లీచ్ డబ్బాలు, ఇనప తీగల బ్రష్షులు, ఓ ప్రెషర్ వాషర్. కింద "సేవ" అని హ్యాష్‌ట్యాగ్, దండాల ఎమోజీలు.

అయ్యా, అది పాలరాయి. నూట యాభై ఏళ్ల వానలకి పైపొర ఇప్పటికే కరిగి, చేత్తో తడిమితే పంచదారలా రాలుతుంది. బ్లీచ్ పోస్తే ఆ సాయంత్రానికి తళతళలాడుతుంది, ఫొటోకి చాలు. ఆ తర్వాత బ్లీచ్ నుంచి లోపలికి ఇంకిన ఉప్పు ఎండినప్పుడల్లా స్ఫటికాలు కట్టి, రాతిని పెచ్చులు పెచ్చులుగా లేపుతుంది. వెనిగర్, నిమ్మరసం అయితే ఇంకా శుభం, నేరుగా రాయినే తినేస్తాయి.

చేయాలనే ఉంటే పద్ధతుంది. ముందు శ్మశానం వాళ్ల అనుమతి. తట్టినప్పుడు గుల్లగా మోగినా, రేణువులు రాలుతున్నా ముట్టుకోకూడదు. గట్టిగా ఉంటే మంచినీళ్లతో బాగా తడపాలి, పొడిరాయి మురికినీళ్లు పీల్చేస్తుంది. రాతి మీది నాచు, బూజు చంపే 'డీ టూ' మందు కొట్టి పది పదిహేను నిమిషాలు ఆగి, మెత్తటి నైలాన్ బ్రష్‌తో కింది నుంచి పైకి రుద్దాలి. పైనుంచి మొదలెడితే చారలు పడతాయి. మళ్లీ నీళ్లు. మిగిలిన నలుపు కొన్ని వారాల్లో దానంతటదే పోతుంది. వారాలు! చిక్కంతా అక్కడే, అన్నాళ్లకి ఫొటో ఎవరు తీస్తారు?

ఒళ్లు మండింది మాత్రం చిన్న దిమ్మెల దగ్గర. ఆ సైనికుల సమాధులకి అమెరికా ప్రభుత్వం పెట్టిన 1873 నమూనాలో పేరు తెలిసినవాళ్లకి పలక, దాని మీద డాలు ఆకారం, అందులో పేరు. తెలియనివాళ్లకి ఆరంగుళాల చదరపు దిమ్మె, దానిమీద ఒక్క నంబరు. శ్మశానం రిజిస్టరుకీ ఆ మనిషికీ మిగిలిన లంకె అదొక్కటే. ఒకాయన సరిగ్గా దాని మీదే తీగ బ్రష్ పెట్టి పరపరా గీకుతున్నాడు, నవ్వుతూ! కింద కామెంటు: "కొత్త రాయి గవర్నమెంటు ఫ్రీగా ఇస్తుందిగా." ఇస్తుంది బాబూ. నంబరే చెరిగిపోతే దాని మీద ఏం చెక్కాలో నువ్వొచ్చి చెప్తావా?

చివర్లో ఒరిగిన రాయిని లేపి గుంతలో కాంక్రీటు పోశారు. ఈ సిమెంటు జబ్బు మనకి కొత్తా? పాత గుళ్ల గచ్చుగోడలు గీకి సిమెంటు పూసిన చేతులే కదా ఇవి! మంచు పడే చోట నేల గడ్డకట్టి కదులుతుంది. కంకరా ఇసుకా పొరలు పొరలుగా దిమ్మిస కొట్టి నిలబెట్టిన రాయి దాంతోపాటే కాస్త సర్దుకుంటుంది. కాంక్రీటులో బిగిసిందేమో నేలమట్టం దగ్గర పుటుక్కున విరుగుతుంది.

స్మారకం మీది సిపాయి బొమ్మ జింకుదైతే ఆ గోస వేరు. కనెక్టికట్‌లో బ్రిడ్జ్‌పోర్ట్‌లోని మాన్యుమెంటల్ బ్రాంజ్ కంపెనీ ఇలాంటివి పోతపోసి ఆ యుద్ధంలో కొట్టుకున్న ఉత్తరాది ఊళ్లకీ, దక్షిణాది ఊళ్లకీ అమ్ముకుంది (వ్యాపారికి పక్షమేంటి లెండి). సొంత బరువుకే కింది అతుకులు విచ్చుకుంటాయి. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం పెట్టాల్సింది పోయి, పాతకాలం మహానుభావులు కాంక్రీటు నింపారు. అది తడికి ఉబ్బి పలకల్నే చీల్చింది.

ఈ బృందం వచ్చే నెల ఇంకో శ్మశానానికి బయల్దేరుతోందట. సిమెంటు బస్తాలకి విరాళాలు అడుగుతున్నారు. దయచేసి ఒక్క రూపాయి, ఒక్క డాలరు ఇవ్వకండి.