పెచ్చులూడిన సన్‌షేడుకు సిమెంటు పూత: ఒక ఫార్వర్డుకు జవాబు

వేసవి చివరికొచ్చిందంటే చాలు, విజయవాడలోని దుకాణ సముదాయాల యజమానుల వాట్సాప్ బృందాల్లో "ఇంజనీరు అక్కర్లేదు, మీ కాంప్లెక్సును మీరే కాపాడుకోండి" అనే సందేశం చేతులు మారుతూ ఉంటుంది. కారనంతవరకు స్లాబు జోలికి వెళ్లవద్దని, తెల్ల రంగు వేస్తే కారడం ఆగుతుందని, గోడలో మొలిచిన రావి మొక్కకు ఉప్పునీళ్లు పోయాలని, సన్‌షేడు అడుగున పెచ్చులూడితే సిమెంటు పూసి రంగు కొట్టాలని అందులోని హితవు. తెలిసినవారు, చదువుకున్నవారు కూడా దీన్ని పంపుతుంటే ఊరుకోవడం కష్టంగా ఉంది.

తెల్ల రంగు మే నెల ఎండలో పై అంతస్తు వేడిని తగ్గిస్తుంది. వాననీటిని ఆపదు. అంతకుమించి దాని గురించి చెప్పవలసింది లేదు.

స్లాబు కారడం జబ్బుకు మొదలు కాదు, చాలా ఆలస్యంగా బయటపడే లక్షణం. పిట్టగోడ స్లాబును కలిసే మూలలోనో, ఆకులు, పాలిథిన్ సంచులు అడ్డుపడి నీళ్లు నిలిచిన గొట్టం మూతి దగ్గరో దిగిన నీరు లోపలే పాకి, ఎక్కడో దూరంగా ఉన్న దుకాణంలో చుక్కలుగా రాలుతుంది. అందుకే జూన్ వానలకు ముందు ఒకసారి, అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలకు ముందు మరొకసారి పైకెక్కి ఆ మూలలు, గొట్టాలు, ప్రకటన బోర్డుల బోల్టులు, ఏసీ స్టాండ్ల తుప్పు చూసుకోవాలి. ఈ పనికి నిజంగానే ఇంజనీరు అక్కర్లేదు. ఒక మూల చెమ్మ కనబడితే స్లాబు మొత్తానికి వాటర్‌ప్రూఫింగు లెక్క కట్టే కాంట్రాక్టర్లున్నారన్న ఆ సందేశపు కోపం కూడా న్యాయమైనదే; పరీక్షించే మనిషి, మరమ్మతు చేసే మనిషి ఒకరే కాకుండా చూసుకుంటే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇక ఉప్పునీళ్లు. ఉప్పులో ఉండి ఇనుముకు తుప్పు పట్టించే క్లోరైడు, ఇనుము ఉన్న కాంక్రీటులో ఘనమీటరుకు 0.6 కిలోలకు మించరాదని కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 2000లో చెబితే, మన సలహాదారులు బక్కెట్టెడు ఉప్పు కరిగించి పగుల్లోకి పోయమంటున్నారు. మచిలీపట్నం దాకా వెళ్తే గానీ సముద్రం కనబడని ఊళ్లో, సముద్రపు తుప్పును ఇంత శ్రమపడి మేడ మీదికి మోసుకెళ్లే భక్తికి దండం పెట్టాల్సిందే. రావి మొక్కను లేతగా ఉన్నప్పుడే వేరుతో సహా తీసి ఆ పగులును పూడ్చాలి.

అన్నిటికంటే ప్రమాదకరమైనది సన్‌షేడు చిట్కా. కాంక్రీటు లోపలి చువ్వలో ఇనుము తుప్పుగా మారినచోట, ఆ తుప్పు మునుపటి ఇనుముకు రెట్టింపు పైగా చోటు ఆక్రమిస్తుంది; ఆ ఒత్తిడికే కాంక్రీటు చీలి పెచ్చులూడుతుంది. దాని మీద సిమెంటు పూయడమంటే పుండు మీద పౌడరు అద్దడమే: లోపల తుప్పు సాగుతూనే ఉంటుంది, పైన బరువు పెరుగుతుంది, హెచ్చరికగా కనబడే పగులు రంగు కింద దాక్కుంటుంది. అనుభవమున్న మేస్త్రీ చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి భాగం ఖంగుమంటుంది, విడిపోయిన భాగం డొల్లగా పలుకుతుంది. పైగా గోడలోంచి ముందుకు వేలాడే సన్‌షేడుకు ముఖ్యమైన చువ్వలు పైభాగంలో ఉండాలి; కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద నలిగి అవి అడుగుకు దిగిపోయిన భవనాలు తక్కువేమీ కావు. అలాంటి సన్‌షేడు మీద ఏసీ మెకానిక్కు నిలబడతాడు, దాని నీడలో బీసెంటు రోడ్డు జనం బేరాలాడుతుంటారు.

చేయవలసిన పని వేరు. ముందు కింద తాడు కట్టి మనుషులను, బండ్లను తప్పించాలి. సపోర్టులు పెట్టాక వదులైన కాంక్రీటును చువ్వ వెనకభాగం కనబడేదాకా చెక్కి, తుప్పును తీగ బ్రష్షుతో మెరిసేదాకా తోమి, తుప్పునిరోధక పూత, పాత కాంక్రీటుకు కొత్తది పట్టుకునేలా చేసే అతుకు ద్రావణం వేశాక పాలిమర్ కలిపిన మోర్టారుతో (సిమెంటు, ఇసుక మిశ్రమంతో) నింపాలి. చువ్వ బాగా సన్నబడి ఉంటే దాని పక్కన కొత్తది కట్టాలో, ఆ సన్‌షేడునే కొట్టేయాలో స్ట్రక్చరల్ ఇంజనీరు తేల్చాలి, వాట్సాప్ కాదు.