‘నానా’ అని ఒక్క ముక్క.. జవానుకు నానా అగచాట్లు

మానసిక జబ్బుతో ఫౌజు వదిలిన జవాను పింఛను గతి ఒక్క గడిలో తేలిపోతుంది. సర్వీసు ముగిసేటప్పుడు పరీక్షించే రిలీజ్ మెడికల్ బోర్డు ఫారం ఏఎఫ్ఎంఎస్ఎఫ్-16లో ‘సర్వీసు వల్ల వచ్చిందీ కాదు, సర్వీసులో ముదిరిందీ కాదు’ అని రాసేస్తారు. ఇంగ్లిష్‌లో ‘నైదర్ అట్రిబ్యూటబుల్ నార్ అగ్రవేటెడ్’, దాని పొట్టిపేరే ‘నానా’. ఎందుకు కాదో చాలాసార్లు రాయరు. రాసినా ‘శరీర తత్వం’ అన్న ఒక్క మాటతో సరి.

మనవాళ్ల మొదటి అప్పీళ్లు వీగిపోవడానికి కారణం అవి వినతిపత్రాల్లా ఉండటం. పిల్లలు చిన్నవాళ్లు, దయచూపండి అంటే అప్పీళ్లు వినే కమిటీ కదలదు. పింఛను తిరస్కరణ లేఖ అందగానే అప్పీలుకు ఆరు నెలల గడువు మొదలవుతుంది. ముందు రికార్డ్స్ ఆఫీసుకు ఆర్టీఐ పెట్టాలి. ఏఓసీ (ఆర్మీ ఆర్డినెన్స్ కోర్), ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్ అండ్ మెకానికల్ ఇంజినీర్స్) వాళ్లకది సికింద్రాబాద్‌లోనే ఉంది. భర్తీనాటి వైద్య పరీక్ష, బోర్డు పూర్తి ప్రొసీడింగ్స్, కమాండింగ్ ఆఫీసర్ నింపే ఏఎఫ్ఎంఎస్ఎఫ్-10.. మూడూ అడగాలి.

ఆ పదో నంబరు ఫారమే ఆయువుపట్టు. మనిషి అంతకుముందు ఎలా పనిచేశాడో, మార్పు ఎప్పుడు కనబడిందో యూనిట్టే చెప్పిన కాగితం అది. ఆ తేదీని పోస్టింగుల పట్టిక పక్కన పెట్టి చూడండి. ఉగ్రవాద వ్యతిరేక ఆపరేషన్లు, ఎత్తయిన కొండ ప్రాంతాలు, ఒంటరి పోస్టులు, సముద్రంపై విధులు.. వీటిలో ఉండగా జబ్బు మొదలైతే సర్వీసు వల్లే వచ్చినట్టు ఒప్పుకోవాలని 2008 నాటి వైద్యాధికారుల గైడ్ 54వ పేరా చెబుతోంది. భార్యో బిడ్డో చనిపోయినా విధుల పేరుతో సెలవివ్వకపోతే, ఆ తర్వాత మూడు నెలల్లో జబ్బు బయటపడితే, సర్వీసులో ముదిరినట్టు లెక్క. తిరస్కరించిన ఆ సెలవు చీటీ నకలు పది పేజీల అప్పీలు కన్నా విలువైంది. (2023 సెప్టెంబరు 21 తర్వాత బయటికొచ్చినవారికి నిబంధనలు వేరు.)

స్కిజోఫ్రెనియా లాంటివి వంశపారంపర్యంగానూ రావచ్చు, భర్తీలో కనిపెట్టలేం అంటారు. నిజమే, 2019లో నర్సింగ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టూ అదే అంది. అయితే అది కారణం రాయకుండా తప్పించుకోవడానికి లైసెన్సు కాదు. భర్తీనాడు నమోదు కాని జబ్బు సర్వీసులో వచ్చిందనే భావించాలి, కాదని రుజువు చేయాల్సింది యజమానే అని 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తేల్చింది.

డబ్బు లెక్కా చూడండి. నూరు శాతం వైకల్యానికి వైకల్య పింఛను చివరి జీతంలో 30 శాతం. జీతం 40 వేలైతే 20 శాతం వైకల్యానికి నెలకు వచ్చేది 2,400. రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం 20ని 50గా లెక్కిస్తే 6,000. ఈ మొత్తం కోసం సర్కారు తన జవాన్లపైనే పైకోర్టులకెక్కుతోంది. ఈ అప్పీళ్లు మానుకోమని 2015లో రక్షణ మంత్రి వేసిన నిపుణుల కమిటీయే చెప్పింది. ప్రభుత్వమే దేశంలో అతిపెద్ద కక్షిదారు. మొండి వ్యాజ్యం దాని అలవాటు. జవాను ఆలస్యంగా సాయుధ బలగాల ట్రిబ్యునల్‌కు వెళ్తే మాత్రం బకాయిలు సాధారణంగా మూడేళ్లకే. తెలుగు రాష్ట్రాల్లో దాని శాశ్వత బెంచి లేదు, చెన్నై బెంచి పరిధిలోకి వస్తాయి.

కారణం గడి ఖాళీగా ఉన్న ఫారాన్ని రికార్డ్స్ ఆఫీసే బోర్డుకు తిప్పి పంపాలి, తిరస్కరణ లేఖ టైపు చేయకముందే.