'ప్రభువు' అన్న ఆ ఒక్క మాట

యేసును దేవుణ్ణి చేసింది క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన క్రైస్తవ బిషప్పుల సభేనని చాలామంది గట్టిగా చెబుతుంటారు. నేను ఒప్పుకోను. తొలి క్రైస్తవ బోధకుడైన పౌలు ఉత్తరాలు చాలావరకు క్రీ.శ. 50ల నాటివి, నాలుగు సువార్తలకన్నా ముందువి. యేసుకు దేవుని స్థానం వాటిలోనే కనిపిస్తుంది. పైగా నైసియాలో ఆరియస్ అనే బోధకుడితో వచ్చిన గొడవ యేసును కొలవాలా వద్దా అని కాదు, తండ్రి, కుమారుడు ఒకే తత్వమా కాదా అని.

అయితే ఆ ఉత్తరాల్లో 'యేసు దేవుడు' అనే సూటి వాక్యం దొరకడం కష్టం. రోమా 9:5లో ఉన్నట్టే ఉంటుంది గానీ, వాక్యాన్ని ఎక్కడ ఆపి చదవాలన్న దాన్ని బట్టి ఆ స్తుతి క్రీస్తుకైనా చెందుతుంది, తండ్రికైనా చెందుతుంది. అందుకే 'ప్రభువు' అన్న మాటను పట్టుకోవాలంటాను.

ఇక్కడ తెలుగు బైబిలు చదివేవాళ్లకు ఒక చిక్కుంది. మన పాత నిబంధనలో 'యెహోవా' అని, కొత్త నిబంధనలో 'ప్రభువు' అని ఉండటంతో వాటి మధ్య బంధం కంటికి కనిపించదు. యూదులు ఆ పవిత్ర నామాన్ని పైకి పలికేవాళ్లు కాదు. గ్రీకు లేఖనాలు చదివేటప్పుడు దాని బదులు వినిపించిన మాట 'కురియోస్', అంటే ప్రభువు. ఇది మనసులో పెట్టుకుని యోవేలు 2:32 చూడండి: యెహోవా నామాన్ని బట్టి ప్రార్థించేవాళ్లకు రక్షణ. రోమా 10:13లో పౌలు అదే మాటను యేసుకు అన్వయిస్తాడు. ఫిలిప్పీ 2 ఇంకా గట్టిది. నేను తప్ప వేరే దేవుడు లేడన్న యెషయా 45లోనే, ప్రతి మోకాలూ నా ఎదుట వంగుతుందని దేవుడు అంటాడు. పౌలు దగ్గరికి వచ్చేసరికి ఆ మోకాళ్లు యేసు నామాన వంగుతున్నాయి. ఒక్క దేవుణ్ణే కొలిచే యూదుడు ఆ మాటను ఆషామాషీగా వాడి ఉంటాడా?

అవతలి వైపు వచనాలను దాచకూడదు. నన్ను సత్పురుషుడని ఎందుకంటావు, దేవుడొక్కడే సత్పురుషుడు అని మార్కు 10:18లో యేసే అంటాడు. యోహాను సువార్తలో శిష్యుడు తోమా యేసును 'నా దేవా' అని పిలుస్తాడు, అదే సువార్తలో తండ్రి నాకన్నా గొప్పవాడన్న యేసు మాటా ఉంది. ఫిలిప్పీలో మోకాళ్లు వంగేది కూడా చివరికి తండ్రి మహిమకోసమే. అంటే యేసుకు దేవుని స్థానం ఇచ్చారు, కానీ తండ్రినీ ఆయననూ ఒకరిగా కలిపేయలేదు. దాన్ని ఎలా వివరించాలన్నదే తర్వాతి వాళ్లకు మిగిలిన పని.

ఆరాధన మాత్రం మొదటి నుంచీ ఉంది. 1 కొరింథీ 16:22లో, గ్రీకు చదివేవాళ్లకు రాసిన ఉత్తరంలో, పౌలు అర్థం కూడా చెప్పకుండా ఒక అరమాయిక్ మాట వదిలాడు: 'మరనాత'. 'మా ప్రభువా, రా' అని. యేసు మాట్లాడిన భాషలోనే, ఆయనకే చేసిన ప్రార్థన అది.