మ.రా.రా.శ్రీ జూన్ ఐదు గారికి

మ.రా.రా.శ్రీ ప్రపంచ పర్యావరణ దినోత్సవం గారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి. తమరు మొన్న మా నగరానికి విచ్చేసి, ఏసీ హాల్లో సాయంత్రం దాకా సేదతీరి, క్షేమంగా వెళ్లిపోయారని తెలిసి సంతోషించాం. తమరి ఫ్లెక్సీలు మాత్రం ఇంకా ఇక్కడే ఉన్నాయి. 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అన్నది నిన్నటి ఈదురుగాలికి తెగి కరెంటు తీగల మీద పడింది. రెండు వీధులకు కరెంటు లేదు. ఆ లెక్కన తమరు ఇంధన పొదుపు కూడా సాధించారు, అభినందనలు.

నేను రాయాలనుకున్నది దాని గురించి కాదు. మైకు గురించి.

తమరి సభకు మా పెద్దమ్మను పిలిచారు. పిలిచారంటే మాటవరసకు కాదు. జహీరాబాద్ దగ్గర ఊరికి పనిగట్టుకుని ఫోన్ చేసి, "అమ్మా, మీరు విత్తనాలు ఎట్లా దాస్తారో, కార్తెలు చూసి సాగు ఎట్లా చేస్తారో పది నిమిషాలు చెప్పాలి, ఇప్పటి పిల్లలకు తెలియాలి" అని బతిమాలి మరీ పిలిచారు. ఆహ్వాన పత్రిక మీద ఆమె పేరు వేసి, పైన 'ఇంటర్‌జనరేషనల్ డైలాగ్' అని అచ్చు వేశారు. అదేందని అడిగితే, ముసలివాళ్లూ పడుచువాళ్లూ కూర్చుని మాట్లాడుకోవడం అని చెప్పాను. "గంతే గదా, గంతదానికి కార్డు కొట్టిచ్చుడెందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. తమరి దగ్గర ఉంటే తెలియజేయగలరు.

తొలి బస్సుకు వచ్చింది. పెట్టెలోంచి తీసిన చీర, గుడ్డసంచి నిండా విత్తనాల మూటలు. కొర్రలు, సజ్జలు, ఉలవలు, తెల్లజొన్నలు, బూడిద పట్టించిన కందులు. బస్టాండు నుంచి హాలు దాకా ఆటోలో తన పది నిమిషాలూ నాకు అప్పజెప్పుకుంటూ వచ్చింది.

ఆమె వంతు పదకొండున్నరకు. పదకొండున్నరకు జ్యోతి ప్రజ్వలన జరిగింది. తర్వాత ప్రార్థనాగీతం, స్వాగతోపన్యాసం, అతిథుల పరిచయం, అది చాలలేదని అతిథులే చేసుకున్న స్వపరిచయం, శాలువాలు, ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తులు, పలకని వీడియో. ఆలస్యంగా వచ్చిన ఒక పెద్దమనిషి కోసం పెద్దమ్మను ముందు వరుసలోంచి లేపి రెండో వరుసలోకి, అక్కణ్నుంచి స్కూలు పిల్లల పక్కకు పంపారు. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడొకడు కనిపించినప్పుడల్లా "ఆంటీ, జస్ట్ టూ మినిట్స్" అని వెళ్లాడు. ఆ రెండు నిమిషాలు భోజనాల దాకా సాగాయి, భోజనాలయ్యాక మళ్లీ మొదలయ్యాయి.

మైకు ఖాళీగా ఏమీ లేదు లెండి. 'అట్టడుగు గొంతులను ఆలకించాలి' అన్న అంశం మీద ఒకాయన ముప్పావు గంట ఇంగ్లిషులో మాట్లాడారు. మధ్యలో తెర మీద 'ఫర్గాటెన్ గ్రెయిన్స్' అని కొర్రల బొమ్మ వేశారు. బొమ్మను గుర్తుపట్టి పెద్దమ్మ సంబరపడింది. కింద ఏం రాశారని అడిగితే చెప్పాను. "మర్చిపోయినవా? ఎవలు మర్చిపోయిండ్రు?" అంది, కొంచెం గట్టిగానే. ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటిస్తే గానీ కొర్రలు గుర్తురానివాళ్లకు, ఏ ఏడూ మానకుండా తింటున్న మనిషి అడిగే ప్రశ్న కటువుగానే ఉంటుంది.

సాయంత్రం వందన సమర్పణలో 'సమయాభావం వల్ల' అన్నారు. పెద్దమ్మ పేరు చదివారు, ఊరి పేరు తప్పు చదివారు. శాలువా కప్పారు. ఫొటో తీశారు.

ఫొటో అంటే గుర్తొచ్చింది. 2020 జనవరిలో దావోస్‌లో ఐదుగురు అమ్మాయిలు వాతావరణం గురించి మాట్లాడి ఫొటో దిగితే, ఒక పెద్ద వార్తాసంస్థ ఉగాండా నుంచి వచ్చిన వనెస్సా నకాటేను కత్తిరించి మిగతా నలుగురినీ ప్రచురించింది. ఆ పిల్లను ఫొటోలోంచి తీసేశారు. మా పెద్దమ్మను ఫొటోలో మాత్రమే ఉంచారు. రెంటిలో ఏది ప్రగతో తమరే తేల్చాలి.

ఇంతకీ ఆమె ఏం చెప్పేదో తమరికి తెలియదు కదా. నేను ఆటోలో విన్నాను కాబట్టి చెబుతాను. తమరికి నచ్చదు, ఎందుకంటే మొదటి మాటే తమరి గురించి.

తమరు పుట్టింది స్వీడన్‌లో. 1972 జూన్ 5న స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ మహాసభ మొదలైంది కాబట్టి ఆ తేదీనే తమరికి ఖాయం చేశారు. అక్కడ జూన్ మొదటి వారమంటే లేత ఎండ, పచ్చిక. ఇక్కడ రోహిణి కార్తె. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయని మా దగ్గర పసిపిల్లలకూ తెలుసు. ఆ ఎండలో, తడి ఎరగని మొరం గుంతలో, కాగిపోయిన నల్ల కవరు చింపి మొక్కను నిలబెట్టి, పదిమంది చేతులు వేసి చెంబుడు నీళ్లు పోసి వెళ్లిపోతే అది ఎన్నాళ్లుంటుంది? మృగశిర కార్తె, మా పెద్దమ్మ మాటలో మిరుగం, తమరి వెనకే, రెండు మూడు రోజుల్లో వస్తుంది. నాలుగు వానలు పడి నేల జానెడు లోతు తడిస్తే, అప్పుడు పెట్టిన మొక్క వేరు పట్టుకుంటుంది. రైతు అరక కట్టే ఏరువాక పున్నమి కూడా చాలా ఏళ్లు ఆ చుట్టుపక్కలే పడుతుంది. ఇంత దగ్గర్లో ఉంటూ ఆ మృగశిరను ఒక్కసారైనా పలకరించారా? "జర ఆగున్రి, నేల తడవనియ్యున్రి" అని చెప్పడానికి మా పెద్దమ్మ బస్సెక్కి వచ్చింది. తమరికి ఆగేందుకు టైము లేదు, ఆమె మాట వినేందుకు అసలే లేదు.

నిజానికి మైకు కోసం తమరి ముఖం చూడాల్సిన ఖర్మ ఆ ప్రాంతపు ఆడవాళ్లకు లేదు. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో దళిత మహిళా రైతులు 2008 నుంచి తమ సంఘం రేడియో నడుపుకుంటున్నారు, తమ యాసలో. ఏటా సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్ల మీద విత్తనాలు పేర్చుకుని ఊరూరా పాత పంటల జాతర చేస్తారు. 2019లో వాళ్లు పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లు ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. అంటే తమరి పుట్టింటివాళ్లకు తెలిసింది కూడా తమరికి తెలియలేదు.

పోనీ పడుచువాళ్లకైనా దక్కిందా? పిల్లలకు డ్రాయింగ్ పోటీ, ముసలివాళ్లకు శాలువా, మధ్యలోవాళ్లకు మైకు. ఇదీ తమరి తరాల సంభాషణ. చివరి వరుసలో ఒక యూనివర్సిటీ అమ్మాయి లేచి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి పచ్చని భూముల గురించి అడగబోతే 'ప్రశ్నలు చివర్లో' అన్నారు. చివర్లో జనగణమన వచ్చింది. 2025 మార్చి నెలాఖరులో ఆ 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు వచ్చినప్పుడు అడ్డం నిలబడింది ఆ వయసు పిల్లలే. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నది ఆ గొడవ అంత దూరం వెళ్లాకే.

తమరి 'ఉద్యమ చరిత్ర' స్లైడు స్టాక్‌హోమ్‌లో మొదలై పారిస్‌లో ముగిసింది. మధ్యలో శ్రీకాకుళం జిల్లా సోంపేట లేదు. బీల అనే చిత్తడి భూముల్లో థర్మల్ ప్లాంటు వద్దని 2010 జూలై 14న అక్కడి జనం పోలీసు తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణాలు పోగొట్టుకున్నారు. నల్లమల కూడా లేదు. యురేనియం తవ్వొద్దని చెంచులు లేస్తే 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేయాల్సొచ్చింది. వాళ్లెవరూ పర్యావరణవేత్తలు కారు కాబోలు. కార్డు కొట్టించుకోలేదు కదా.

భాష విషయంలో తమరొక్కరినే అనను. 2020లో కేంద్ర ప్రభుత్వం పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల ముసాయిదాను ఇంగ్లిషు, హిందీల్లో పెట్టి దేశమంతటినీ అభిప్రాయం చెప్పమన్నారు. ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిటిలోకీ అనువదించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సొచ్చింది. పై నుంచి కింది దాకా అందరిదీ ఒకటే అలవాటు.

ఇక మర్యాద నావల్ల కావడం లేదు.

పెద్దమ్మను పిల్లల పక్కన కూర్చోబెట్టావు కదా, అక్కడేం జరిగిందో నీకు తెలుసా? సంచిలో ఏముందని డ్రాయింగ్ పోటీ పిల్లలు అడిగారు. మూటలు విప్పింది. కందులకు ఈ బూడిదెందుకని ఒకడన్నాడు. పురుగు పట్టకుండా అని చెప్పింది. బీహార్ నుంచి పనికొచ్చినవాళ్ల పిల్లాడొకడు, మా దాదీ కూడా ఇట్లాగే చేస్తుందని హిందీలో అన్నాడు. ఈమె తన జహీరాబాద్ ఉర్దూలో వాళ్ల దాదీ ఏమేం వేస్తుందో ఆరా తీసింది. చుట్టూ పదిమంది పిల్లలు మూగారు. అప్పుడు నీ కార్డు కుర్రాడు పరుగెత్తుకొచ్చి, "ప్లీజ్, సైలెన్స్! డైలాగ్ నడుస్తోంది" అన్నాడు.

సిగ్గుండాలి.

అంతటితో ఆగావా? సభ అయ్యాక మొక్క నాటడానికి ఆమెను ముందుకు తోశావు. రోజంతా మైకు ఇవ్వనివాళ్లు చెంబు మాత్రం చేతికిచ్చారు. గుంత చూసి ఆమె అక్కడే అంది, "ఇది బతుకది బిడ్డా, మిరుగం రానియ్యున్రి" అని. "సూపర్ ఆంటీ, కెమెరా వైపు చూడండి" అన్నావు. నీ పండగకు నిజంగా పనికొచ్చే ఒకే ఒక్క మాట నీ ఫొటోకు అడ్డమొచ్చింది! నిన్న ఆ దారిన వెళ్తూ చూశాను. మొక్క మాడిపోయింది. నాటినవాళ్ల పేర్లతో గ్రానైట్ పలక మాత్రం నిగనిగలాడుతోంది. నువ్వు సగం తాగి పారేసిన నీళ్ల బాటిళ్లను గోనెసంచిలోకి ఏరుకున్నవాణ్ని ఆ రోజు వాచ్‌మన్ గేటు దగ్గర కసిరాడు. అక్కడ ఆ రోజుకు పని చేసినవాడు అతనొక్కడే.

వచ్చే ఏడు మళ్లీ ఫోన్ చేస్తావని తెలుసు. పెద్దమ్మకు నీమీద కోపమేం లేదు, ఆ కోపమంతా నాదే. ఆమె కొన్ని షరతులు మాత్రం చెప్పమంది. తారీఖు మిరుగం దాటాక పెట్టాలి. సభ వాళ్ల ఊళ్లో, వేపచెట్టు కింద. వచ్చేవాళ్లు బస్సుకు రావాలి. శాలువాలు తేవొద్దు, ఆ ఎండకు ఎవరూ కప్పుకోలేరు. పిల్లలు ముందు కూర్చుని మాట్లాడతారు, ఏ భాషలో అయినా సరే. అతిథులందరికీ కలిపి పది నిమిషాలు ఇస్తుందట, సాయంత్రం. సమయాభావం వల్ల కుదరకపోతే వందన సమర్పణలో పేర్లు చదివిస్తుందట. ఊళ్ల పేర్లు సరిగ్గానే చదివిస్తుందట.